ఒగ్గేసిన మోడు

మే నెల రెండో వారంలో ఆర్డరు వస్తుంది.
తీగకీ కొమ్మకీ మధ్య ఇంత ఎడం ఉండాలని,
వానలు దిగేలోపు పని తేలిపోవాలని.
వెదురుగడ చివర కొడవలి కట్టుకుని
మర్రిపాలెం రైల్వే క్వార్టర్ల వెనక
పద్నాలుగేళ్లుగా కొమ్మలు కోస్తున్నాను.

మొదట్లో నాకు చెట్టంటే
తీగకి అడ్డొచ్చేది.
అంతే.

ఒక ఏడు కానుగచెట్టుకి నిచ్చెన వేశాను.
చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది నూకరత్నం.
"ఆగు బాబూ, పైన ఎవులున్నారో సూసేవా?"
చెట్టు మీద ఎవరుంటారు?
"దిగు. కింద సూడు."
నేల మీద తెల్లటి రెట్టల చారలు,
రెండు పుల్లలు, ఒక ఇనపతీగ ముక్క,
మచ్చలున్న నీలి గుడ్డుపెంకు సగం.
"గుమ్మం ముందు సెప్పులుంటే
ఇంట్లో మనుసులున్నారని తెలీదేటి నీకు?"

అప్పట్నుంచీ ముందు నేల చూస్తాను.
తర్వాత గడకర్రతో మొదలు మీద మెల్లగా తడతాను.
ఎవరో గడియ తీసేదాకా ఆగినట్టు
కాసేపు ఊరికే నిలబడతాను.
రెండాకులు కలిపి కుట్టిన సంచి కనబడితే
తీగ వైపు చిగురు మాత్రం తుంచి
ఆ కొమ్మకి ఎర్ర గుడ్డపేలిక కడతాను,
కార్తీకంలో వస్తానని గుర్తు.
"ఏంటయ్యా ఇవి, మొక్కుబడా?" అంటాడు ఏఈ.
అలాగే అనుకోండి సార్.

హుద్‌హుద్ వెళ్లిన మర్నాడు
ఈ ఊళ్లో బండి ఆపుకోడానికి నీడ లేదు.
కొండలు బెల్లప్పాకం రంగుకి మారాయి.
తొందరగా పచ్చబడాలని
తొందరగా పెరిగేవే వరసగా నాటారు.
పచ్చబడింది.
పండు లేదు, పురుగు లేదు, దిగే పిట్ట లేదు,
పచ్చ రంగు కొట్టిన ప్రహరీగోడ.

ఆ తుఫానుకి సగం విరిగిన నిద్రగన్నేరు
పదిహేడో నంబరు క్వార్టరు వెనక
మిగతా సగం ఏళ్ల తరబడి ఎండింది.
"మొదలంటా తీసేయండి" అని అర్జీ పెట్టాడు
రిటైరైన గార్డు భానోజీరావు.
ఇంటి మీద పడుతుందట, పాములొస్తాయట,
రాత్రి ఏదో అరుస్తోందట, అరిష్టమట.

ఎక్కాను.
మోడు పక్కన, రూపాయి బిళ్ల పెట్టి గీసినట్టు
గుండ్రంగా ఒక కన్నం: కంసాలిపిట్ట పని.
దాని పైన పాత తొర్రలోంచి
పసుపుపచ్చ కళ్లు రెండు
నన్ను పైనుంచి కిందకి చూశాయి,
బిల్లు కట్టని ఇంటికి నేను వెళ్తే చూస్తారే, అలా.
పగిడికంటె. దాని వెనక చీకట్లో
ఇంకేవో కదిలాయి.

కింద నూకరత్నం భానోజీరావుతో అంటోంది:
"అరిస్టం సంగతి తరవాత బాబూ,
మీ బియ్యం డబ్బాలో ఎలకలెన్ని తగ్గాయో సెప్పండి."
ఆయన చెప్పలేదు.

కప్పు మీదకి వాలిన రెండు చేతులూ కోశాను,
తాడు కట్టి, చంటిపిల్లని దించినట్టు దించాను.
మొదలు కదిపి చూశాను. కదల్లేదు.
రెండు నిలువుల ఎత్తున మోడుని ఒగ్గేశాను.
కోసిన దుంగలు గోడవారనే పడేయించాను,
పుచ్చనీ, చెదలకీ జెర్రులకీ పని దొరకనీ.

రిజిస్టర్లో ఒక గడి ఉంది,
పూర్తిగా తొలగించకపోతే కారణం రాయాలి.
చాలాసేపు పెన్ను పట్టుకున్నాను.
"సర్వీసు నడుస్తోంది" అని రాశాను.
ఏఈ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని,
సంతకం పెట్టేశాడు.

మొన్న సాయంత్రం ఫ్యూజు వెయ్యడానికెళ్తే
భానోజీరావు మోడుకి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు.
"ఏడయ్యేసరికి బయటికొస్తాయి," అన్నాడు
నా వైపు చూడకుండా, "చప్పుడు చెయ్యకు."

సంతోషమే.
కానీ అదే రిజిస్టర్లో, వెనక పేజీల్లో
నూకరత్నం కేకెయ్యకముందు నేను కోసిన చెట్లున్నాయి.
తేదీ ఉంది, స్తంభం నంబరు ఉంది, ఎన్ని కొమ్మలో ఉంది.
వాటి కింద నేల ఎలా ఉందో
నేను చూడలేదు.